గిటార్ పలకలు అతకడానికి ఏ చిత్రిక? బెంగళూరు బజారులో దొరికేవాటి సమీక్ష

గిటార్ పైపలకను రెండు సగాలు కలిపి చేస్తారు. నడుమ వచ్చే ఆ అతుకు పొడవు సుమారు 55 సెంటీమీటర్లు. చెక్కను చదును చేసే చిత్రిక కిందికి వచ్చే వేళకు ఒక్కో పలక మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు మనసులో పెట్టుకుని బజారుకు వెళ్తే, కొట్లో చూపించే పొడవాటి ఏడో నంబరు చిత్రిక మీద అంత మోజు పుట్టదు. బల్లచెక్కలు, తలుపు రెక్కలు అతికేవాళ్లకు ఆ పొడవు కావాలి. గిటార్‌కు కావలసినవి చదునైన అడుగు, పదునైన బ్లేడు, చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోయడానికి ఒక షూటింగ్ బోర్డు. ఈ మూడూ కుదిరిన ఐదో నంబరు చిత్రిక, ఇవేవీ సరిగా లేని ఖరీదైన ఏడో నంబరు కంటే మంచి అతుకు ఇస్తుంది.

ముందు నంబర్ల సంగతి. అమెరికాకు చెందిన లెనార్డ్ బెయిలీ చిత్రిక నమూనాలను స్టాన్లీ పనిముట్ల కంపెనీ 1869లో తన చేతిలోకి తీసుకున్నాక స్థిరపడిన వరస ఇది. అన్ని దేశాల తయారీదారులూ దాదాపు ఇదే వాడుతున్నారు. నాలుగో నంబరు 24 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ, ఐదోది 35.5, ఆరోది 46, ఏడోది 56, ఎనిమిదోది 61 సెంటీమీటర్లు. చిత్రిక తన పొడవుకు రెండింతలున్న అంచు వరకు నమ్మకంగా తిన్నన చేస్తుందన్నది వడ్రంగులు పాటించే లెక్క. నాలుగో నంబరుకు రెండింతలంటే 49 సెంటీమీటర్లు, గిటార్ అతుక్కు చాలదు. ఐదోదానికి 71, ధారాళంగా సరిపోతుంది. పైపలక లోపలివైపు అతికే బలపు పట్టీలను, అంటే బ్రేసులను, చెక్కే చిన్న చిత్రిక బ్లాక్ ప్లేన్ 15 సెంటీమీటర్లే కాబట్టి పలక అంచులో పల్లం ఉంటే ఆ పల్లంలోకే దిగి నడుస్తుంది. దానితో అతుకు పట్టే ప్రయత్నం వద్దు.

బెంగళూరులో కొత్త చిత్రికలకు ఎస్పీ రోడ్డు, కుంబారపేట వైపు హార్డ్‌వేర్ వీధులు, పాతవాటికి చిక్‌పేట దగ్గర ఆదివారం ఉదయం జరిగే బజారు. ఈ కొట్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నా వస్తువు పేరు మాత్రం "రందా" అనో "జాక్ ప్లేన్" (ఐదో నంబరు) అనో అడిగితేనే త్వరగా బయటికొస్తుంది. చెక్కదా ఇనుపదా అన్నది కూడా ముందే చెప్పాలి. లేకపోతే తుమ్మచెక్క రందా తెచ్చి ముందు పెడతారు. అనంత్, కమల్ పేర్లతో మన దేశంలో తయారయ్యే ఇనుప చిత్రికలు, స్టాన్లీ బెయిలీ వరస ఇక్కడ మామూలుగా కనిపించేవి. స్టాన్లీ స్వీట్‌హార్ట్ 62, చైనాలో తయారయ్యే లుబాన్, కెనడా నుంచి వెరిటాస్, అమెరికా మెయిన్ రాష్ట్రం నుంచి లై-నీల్సన్ కావాలంటే ఎక్కువగా తెప్పించుకోవడమే దారి. ఐదో నంబరు 2 కిలోలు దాటుతుంది, ఏడోది మూడున్నర కిలోల పైమాటే. తెప్పించుకునేవాళ్లు వస్తువు ధరతో పాటు ఈ బరువుకు పడే రవాణా, దాని మీద సుంకం ముందే లెక్కేసుకోవాలి.

తక్కువ ధర ఐదో నంబరు

కొత్తగా గిటార్ పని మొదలుపెట్టేవాళ్లకు మా మొదటి సిఫారసు ఇదే. అయితే డబ్బాలోంచి తీసి నేరుగా పైపలకకు వాడే స్ప్రూస్ చెక్క మీద పెట్టే వస్తువు కాదు. పోత ఇనుప దిమ్మె, సగం పూర్తయిన పనిముట్టు అనుకుని కొనాలి. మిగతా సగం పనికి ఒకటిన్నర రోజు పడుతుంది. అది చేసే ఓపిక ఉంటేనే ఈ ధర గిట్టుబాటు.

కొట్టుకు వెళ్లేటప్పుడు 30 సెంటీమీటర్ల మంచి స్టీలు స్కేలు, 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు), చిన్న టార్చి తీసుకెళ్లాలి. బ్లేడును నోటిలోంచి, అంటే అడుగులో అది బయటికి వచ్చే సందులోంచి, వెనక్కి లాగి, దాన్ని పై నుంచి నొక్కి పట్టే లివర్ క్యాప్ బిగించే ఉంచి, స్కేలు అంచును అడుగు మీద నిలువునా, రెండు మూలలకూ అడ్డంగా పెట్టి వెనక నుంచి టార్చి వేయాలి. చూడాల్సినవి మూడు చోట్లు: ముందు కొస, నోటి ముందు భాగం, మడమ (వెనక కొస). ఈ మూడూ ఒకే గీతలో ఉంటే మధ్యలో అక్కడక్కడా పల్లాలున్నా ఫర్వాలేదు. నోటి దగ్గర ఫీలర్ గేజ్ సులువుగా దూరిపోతే ఆ చిత్రిక పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. ఒకే డబ్బా వరసలో నాలుగు తీయిస్తే నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. తీసి చూపించడానికి విసుక్కునే కొట్లో ఈ వస్తువు కొనకపోవడమే మేలు.

నోటి దగ్గర పల్లం ఎందుకు అంత చెడ్డదంటే, ముందు కొసా మడమా చెక్కను తాకి నడుస్తుంటే బ్లేడు గాల్లో ఉంటుంది. కోయించాలంటే బ్లేడును ఇంకా బయటికి దించాలి. అలా దించిన చిత్రిక అంచును తిన్నగా కోయదు, నడుమ ఉబ్బుగా వదిలేస్తుంది. రెండు పలకలూ నడుమ ఉబ్బితే అతుకు రెండు కొసల్లో తెరుచుకుంటుంది. అడుగు బయటికి ఉబ్బి ఉంటే దీనికి తలకిందులు, అంచు నడుమ పల్లమవుతుంది. చూపుకు రెండూ ఒకేలాంటి తప్పులు, మందు మాత్రం వేరు. అందుకే ముందు ఏది ఉందో తెలుసుకోవాలి.

ఇంకా చూడాల్సినవి: లోతు సరిచేసే ఇత్తడి చక్రాన్ని ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు తిప్పితే బ్లేడు కదలకుండా ఎంతసేపు ఉత్తినే తిరుగుతుంది? అర చుట్టు సరే, ఒక చుట్టు దాటితే పనిలో చిరాకు తప్పదు. బ్లేడు కూర్చునే ఫ్రాగ్‌ను విప్పి చూడనిస్తే, అది ఆనే చోట పెయింటు గడ్డలున్నాయేమో చూడండి. పెయింటు మీద కూర్చున్న ఫ్రాగ్ ఎంత బిగించినా అదురుతుంది. బ్లేడు మీద బిగించి ఉండి పొట్టును విరిచే చిప్‌బ్రేకర్ ముందంచుకూ బ్లేడు వీపుకూ మధ్య టార్చి వెలుగు రాకూడదు. వస్తే ఆ సందులో పొట్టు ఇరుక్కుని రెండు తోపుల్లోనే నోరు పూడుకుపోతుంది. ఇది ఇంట్లో సానరాయి మీద పది నిమిషాల్లో సరిచేసుకోగలిగిన లోపమే కాబట్టి, దీని కోసం మంచి అడుగున్న చిత్రికను వదులుకోవద్దు. చెక్కపిడి వదులైనా అంతే.

పక్కగోడలు అడుగుకు 90 డిగ్రీల్లో లేవని కొందరు చిత్రిక వెనక్కి ఇచ్చేస్తారు. అక్కర్లేదు. పలకల పనిలో ఆ తప్పు తనంతట తానే రద్దవుతుంది. ఎలాగో కింద షూటింగ్ బోర్డు దగ్గర వస్తుంది.

అడుగు చదును చేయడం

దీనికి 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం అద్దం గాని, పాలిష్ చేసిన గ్రానైట్ ముక్క గాని కావాలి. బెంగళూరులో గ్రానైట్ తేలిక. జిగని వైపు పాలిష్ యూనిట్లున్నాయి, ఊళ్లో వంటింటి గట్లు చేసే ప్రతి కొట్టు వెనకా తునకలు పడి ఉంటాయి. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్నది ఏరుకోవాలి. పాలిష్ మెరుపు చూసి చదును అనుకోవద్దు. స్కేలు పెట్టి వెలుగు చూసే కొనాలి.

80 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ కాగితం రోల్ కొని దాని మీద అంటించాలి. చిత్రికలో బ్లేడు ఉండాలి, నోటి లోపలికి లాగి ఉండాలి, లివర్ క్యాప్ పని చేసేటప్పుడు ఎంత బిగింపో అంతే బిగింపుతో ఉండాలి. ఆ బిగింపు ఫ్రాగ్ మీదుగా అడుగును సన్నగా వంచుతుంది. విప్పేసి చదును చేసిన అడుగు, బ్లేడు బిగించగానే మళ్లీ మారిపోతుంది. అడుగు మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి, పిడి పట్టుకునే మామూలు పట్టుతోనే ముందుకు వెనక్కి నడపాలి. పై నుంచి అదిమితే కాగితం చిత్రిక ముందు అలలా లేచి కొసల్ని ఎక్కువ తినేస్తుంది, అడుగు ఉబ్బుతుంది. ప్రతి పాతిక తోపులకు ఒకసారి ఇనుప పొడి దులపాలి. దులపకపోతే కాగితం కోయడం మానేసి రుద్దుతుంది. గీతలు ముందు కొస, నోటి ముందు, మడమ దగ్గర పూర్తిగా పోయాక 120, 180, 220 కాగితాలతో ముగించవచ్చు. అద్దంలా మెరిసే అడుగు పనికి ఏ అదనపు లాభమూ ఇవ్వదు, శ్రమ దండగ.

ఏడో నంబరు వద్దనడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. 35 సెంటీమీటర్ల అడుగును 60 సెంటీమీటర్ల గ్రానైట్ మీద నడపడానికి చోటుంటుంది. 56 సెంటీమీటర్ల అడుగుకు మీటరు పొడవు చదునైన రాయి కావాలి. పొడవు పెరిగేకొద్దీ పోతలో వచ్చే మెలి కూడా పెరుగుతుంది. తక్కువ ధరలో చదునైన ఐదో నంబరు దొరకడం కష్టం కాదు. చదునైన ఏడో నంబరు దొరకడం అదృష్టం. దొరికినా గిటార్ అతుక్కు అది ఇచ్చే అదనపు లాభం చాలా తక్కువ.

ఒక పద్ధతిలో మాత్రం ఏడో నంబరుది పైచేయి. చిత్రికను వైస్‌లో తలకిందులుగా బిగించి, పలక అంచునే దాని మీద నడిపించేవాళ్లున్నారు. అప్పుడు పలక అంత పొడవు అడుగు ఉండటం నిజంగా ఉపయోగమే. కానీ 4 మిల్లీమీటర్ల పలకను వేళ్లతో నిలబెట్టి తెరిచి ఉన్న బ్లేడు మీదుగా లాగే పని అది. పలక ఒక్కసారి పక్కకు ఒరిగితే వేలి కొస పోతుంది. కొత్తవాళ్లకు మేము సూచించం.

బ్లేడు

బెయిలీ నమూనా చిత్రికల్లో వచ్చే బ్లేడు మందం సుమారు 2 మిల్లీమీటర్లు. స్ప్రూస్‌కు ఇది చాలు. 25 డిగ్రీల ముఖం, దాని కొసన 30 డిగ్రీల సన్న అంచు. 1000 నంబరు సానరాయి, తర్వాత 6000 నంబరు రాయి, చివర తోలు మీద మెరుగుపెట్టే పచ్చ పేస్టు. వీపు భాగం అంచు నుంచి ఒక సెంటీమీటరు వరకు అద్దంలా ఉండాలి. ఇక్కడ మెరుపు దండగ కాదు, పదునంటే ఆ రెండు ముఖాలూ కలిసే గీతే. పదును పరీక్షకు చేతి వెంట్రుకలు అక్కర్లేదు. పలక కొసన మిగిలిన స్ప్రూస్ ముక్క అడ్డకోత మీద ఒక పొర తీసి చూడండి. కోసిన చోటు నున్నగా, కొంచెం మెరుస్తూ ఉంటే పదునుంది. పొడి రాలుతూ తెల్లగా, నూగుగా ఉంటే లేదు. పైపలకలకు వాడే మరో చెక్క వెస్టర్న్ రెడ్ సీడార్ ఇంకా కఠినమైన పరీక్ష పెడుతుంది. అది మెత్తనిది కాబట్టి మొద్దు బ్లేడు కింద కోతకు రాకుండా నలిగి చిట్లుతుంది.

మందమైన బ్లేడు వేసుకోవాలనుకుంటే ముందు రెండు కొలతలు చూసుకోండి. మొదటిది నోరు: 3 మిల్లీమీటర్ల బ్లేడు దూరితే ముందు పొట్టు రావడానికి సందు మిగలకపోవచ్చు, అప్పుడు నోటి ముందంచు ఆకురాయితో అరగదీయాలి. రెండోది లోతు సరిచేసే చక్రం కదిపే కొక్కెం. అది చిప్‌బ్రేకర్‌లో ఉండే గాడిలోకి దూరాలి. బ్లేడు మందం పెరిగితే కొక్కెం కొస గాడి వరకు అందదు, చక్రం తిప్పినా బ్లేడు కదలదు. ఈ రెండూ చూడకుండా బ్లేడు కొని మూల పడేసినవాళ్లు చాలామంది.

మిగతావి

పాత స్టాన్లీ, షెఫీల్డ్ నుంచి వచ్చిన పాత రికార్డ్ చిత్రికలు ఆదివారం బజారులో అప్పుడప్పుడు తేలతాయి. ఏళ్ల తరబడి చల్లారి కదలడం మానేసిన పోత ఇనుము కాబట్టి ఒకసారి చదును చేస్తే అలాగే నిలుస్తాయి. తుప్పు చూసి భయపడొద్దు, నోటి రెండు మూలల దగ్గర వెంట్రుకలాంటి పగులు ఉందేమో చూడండి. అది ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి. బ్లేడు వీపు మీద అంచు దగ్గర తుప్పు గుంటలుంటే బ్లేడు మార్చుకోవాల్సిందేనని లెక్కేసుకుని బేరమాడండి.

డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగినవాళ్లకు మా ఎంపిక 62వ నంబరు నమూనా, అంటే తక్కువ వాలు జాక్. స్టాన్లీ స్వీట్‌హార్ట్‌లో, లై-నీల్సన్‌లో అడుగు 14 అంగుళాలు, వెరిటాస్‌లో 15. బ్లేడు 12 డిగ్రీల వాలులో, ముఖం పైకి ఉండేలా కూర్చుంటుంది. 25 డిగ్రీలకు సానబెడితే కోత కోణం 37. ఫ్రాగ్ అనే విడిభాగం లేకపోవడం వల్ల అదురు తక్కువ. నోటి ముందు భాగాన్ని జరిపి సందు తగ్గించుకోవచ్చు. పక్కకు పడుకోబెట్టి తోసేటప్పుడు చేతికి అడ్డం వచ్చే భాగాలు లేకపోవడం మాత్రం గంటసేపు పనిచేశాకే తెలిసే సుఖం. రోజ్‌వుడ్‌కు ఇంకో బ్లేడును 38 డిగ్రీలకు సానబెట్టి పెట్టుకుంటే కోత కోణం 50 అవుతుంది, పోగులు లేవడం బాగా తగ్గుతుంది. ఒకే చిత్రికకు రెండు బ్లేడులు, రెండు స్వభావాలు. లోటు ఏమిటంటే చిప్‌బ్రేకర్ ఉండదు కాబట్టి ఎదురుపోగును (కోతకు ఎదురు వాలిన పోగులను) అణచడానికి కోణం ఒక్కటే ఆధారం.

వెరిటాస్, లై-నీల్సన్‌ల అడుగు డబ్బాలోంచే చదునుగా వస్తుంది. గ్రానైట్ ముక్క, ఇసుక కాగితం, ఒకటిన్నర రోజు మిగులుతాయి. నెలకు నాలుగైదు గిటార్లు కట్టే పనిశాలకు ఆ సమయం విలువైనదే. ఏడాదికి రెండు కట్టేవాళ్లు ఆ డబ్బుతో ఒక జత మంచి స్ప్రూస్ పలకలు, తేమ కొలిచే మీటరు కొనుక్కోవడం మేలు. లుబాన్ ఐదో నంబరు తక్కువ ధర చిత్రికలకూ ఈ ఖరీదైనవాటికీ మధ్యన ఉంటుంది: బ్లేడు మందం ఎక్కువ, ఫ్రాగ్‌ను బ్లేడు తీయకుండానే జరిపే బెడ్‌రాక్ అమరిక.

చెక్క రందా గురించి ఒక మాట. తుమ్మ, టేకు దిమ్మెలతో చేసిన పొడవాటి రందాలు స్థానిక వడ్రంగుల చేతిలో అద్భుతంగా నడుస్తాయి. అడుగు చెడితే ఇంకో చిత్రికతో రెండు నిమిషాల్లో చదును చేసుకోవచ్చు. కానీ బెంగళూరులో మార్చికీ జులైకీ గాలి తేమలో ఉన్న తేడాకు ఆ అడుగు కదులుతూనే ఉంటుంది. ప్రతి అతుకు ముందూ స్కేలు పెట్టి చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకే అది సరిపడుతుంది.

షూటింగ్ బోర్డు మీద పని

చిత్రికకు పెట్టే ఖర్చుతో పోలిస్తే తక్కువకే తయారయ్యే ఈ బోర్డే అతుకు నాణ్యతను నిర్ణయిస్తుంది. 18 మిల్లీమీటర్ల హెచ్‌డీహెచ్‌ఎంఆర్ గాని ఎండీఎఫ్ గాని (చెక్కపొట్టును అదిమి చేసే పలకలు), 80 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు. ప్లైవుడ్ వద్దు, ఇంత పొడవులో మెలి లేని ముక్క దొరకడం కష్టం. దాని మీద 12 మిల్లీమీటర్ల ముక్కను, చిత్రిక నడవడానికి 10 సెంటీమీటర్ల దారి వదిలి అంటించాలి. దారి మీద సన్‌మైకా తునక అంటించి కొవ్వొత్తి రుద్దితే చిత్రిక జారుతూ నడుస్తుంది. సిలికాన్ స్ప్రే మాత్రం ఈ గదిలోకే రానివ్వొద్దు. అది చెక్కకు అంటితే జిగురూ పట్టదు, తర్వాత పాలిషూ పట్టదు.

రెండు పలకలనూ పుస్తకం మూసినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టి, అతికే అంచులు ఒకే వైపు వచ్చేలా, బోర్డు మీద అంటించిన ముక్క అంచు దాటి 1 నుంచి 2 మిల్లీమీటర్లు బయటికి ఉంచాలి. పైన 40 మిల్లీమీటర్ల వెడల్పు గట్టి చెక్క పట్టీ, దాని కింద 120 కాగితం, రెండు కొసల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు, రెక్కల నట్లు. పట్టీ అడుగును నడుమ అర మిల్లీమీటరు ఉబ్బుగా చేసుకుంటే కొసలు బిగించినప్పుడు నడుమ కూడా సమానంగా అదుముతుంది.

రెండూ కలిపి ఒకేసారి కోయడం వల్ల రెండు లాభాలు. చిత్రిక పక్కగోడ తప్పుగా ఉండి అంచు 90కి బదులు 89 డిగ్రీలు వచ్చిందనుకోండి. పుస్తకం తెరిచినప్పుడు ఒక పలక 89, రెండోది 91 అవుతుంది, కలిస్తే 180. పైన చెప్పిన రద్దు ఇదే. రెండోది, మూసి ఉన్నప్పుడు రెండు పలకల చారలూ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి కాబట్టి ఒకే దిశలో తోస్తే రెండూ శుభ్రంగా కోతకొస్తాయి. విడివిడిగా తెరిచి కోస్తే ఒకదానికి ఎదురుపోగు తప్పదు.

మొదట రంపం గరుకు పోయే వరకు 0.1 మిల్లీమీటరు పొరలు. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు అంతే. ఆ తర్వాత బ్లేడు వెనక్కి లాగి, కాగితంలో మూడోవంతు మందం పొరకు తగ్గించాలి. ఇప్పుడు ఈ కొస నుంచి 5 సెంటీమీటర్లు వదిలి మొదలుపెట్టి, ఆ కొసకు 5 సెంటీమీటర్ల ముందే ఆపుతూ తోయాలి. కొన్ని తోపుల తర్వాత చిత్రిక కోయడం మానేస్తుంది. చదునైన అడుగు కొసల మీద ఆనుకుని బ్లేడును నడుమ పల్లానికి ఇక అందనివ్వదు. అలా ఆగిందంటే అడుగు చదునుగా ఉందని కూడా అర్థం. ఇక ఒక కొస నుంచి ఇంకో కొస వరకు పూర్తి తోపులు. ముందు తెగిన పొరలు వస్తాయి. తెగకుండా 55 సెంటీమీటర్ల నిండు పొర వచ్చిన తోపు దగ్గర ఆగిపోవాలి. ఇంకొకటి తీద్దామన్న ఆశే కొసలను గుండ్రం చేస్తుంది. తోపు మొదట్లో బరువు చిత్రిక ముందు కొస మీద, చివర్లో మడమ మీద ఉండాలి. ఈ బరువు మార్పు మరిచిపోతే ఎంత మంచి చిత్రికైనా కొసల్లో జారుతుంది.

పలకలు తెరిచి అంచులు ఆనించి, కిటికీ వైపో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు వైపో ఎత్తి చూడాలి. చేతులు అదమకూడదు, ఆనించాలంతే. కొసల్లో వెలుగు వస్తే నడుమ ఉబ్బుంది, మళ్లీ కొసలు వదిలిన తోపులు. నడుమ వెలుగు వస్తే ఒకటి రెండు పూర్తి తోపులు. పై ముఖం కలిసి కింది ముఖం దగ్గర సందుంటే, మూసి బిగించేటప్పుడు రెండు పలకల మధ్య రంపపు పొడి చిక్కుకున్నట్టు. తుడిచి మళ్లీ బిగించాలి. బల్లచెక్కలకు చేసినట్టు కావాలని నడుమ పల్లం వదిలి క్లాంపుతో లాగే పద్ధతి ఇక్కడ వద్దు. ఇంత సన్నటి పలకలో ఆ బిగువు ఏళ్ల తరబడి అతుకును లాగుతూనే ఉంటుంది.

పక్కకు పడుకోబెట్టి తోసేటప్పుడు జత పలకల మందం 9 మిల్లీమీటర్లే కాబట్టి, 50 మిల్లీమీటర్ల బ్లేడులో అంత పట్టీ ఒక్కటే అరిగిపోతుంది. బోర్డు మీద పలకల కింద 9 మిల్లీమీటర్ల ముక్క పెడితే బ్లేడులో పదునున్న తర్వాతి పట్టీ పనిలోకి వస్తుంది. ఇలా ముక్క మీద ముక్క పేరుస్తూ ఒక సానతో నాలుగు పట్టీలు వాడుకోవచ్చు. రోజ్‌వుడ్ పలకలు కోసేటప్పుడు ఈ చిట్కా విలువ తెలుస్తుంది.

రోజ్‌వుడ్, వాతావరణం, జిగురు

మైసూరు రోడ్డు టింబర్ యార్డుల్లో బీటె అని పిలిచే రోజ్‌వుడ్, మన ఇరుగుడు, గిటార్ వెనకపలకకు వాడే చెక్క. దాని పోగులు పట్టీలు పట్టీలుగా ఎదురెదురు దిక్కులకు వాలి ఉంటాయి. ఏ దిశలో తోసినా ఎక్కడో ఒకచోట ఎదురుపోగు తగులుతుంది. బెయిలీ నమూనాలో దీనికి మందు చిప్‌బ్రేకర్‌ను బ్లేడు అంచుకు 0.2 మిల్లీమీటర్ల దగ్గరికి జరపడం. నోటి సందు తగ్గించడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. స్ప్రూస్ కంటే ఈ చెక్క బ్లేడును చాలా వేగంగా మొద్దు చేస్తుంది, ఒక అతుక్కి ఒక సాన అనుకోవడమే మంచిది. దాని పొడి చర్మానికీ ఊపిరికీ పడదు, మాస్కు తప్పనిసరి. చివరకు కూడా సన్నటి చిట్లు మిగిలితే, చదునైన అల్యూమినియం పట్టీకి 120 కాగితం అంటించి రెండు మూడు సార్లు లాగడం తప్పేం కాదు. స్ప్రూస్‌కు మాత్రం ఆ పని చేయొద్దు. కాగితం దాని అంచు మూలలను గుండ్రం చేసి పోగులను నూగులా లేపుతుంది.

చిత్రిక ఎంత మంచిదైనా ఊరి గాలి దాన్ని ఓడించగలదు. గిటార్ పలకలు 45 నుంచి 50 శాతం గాలి తేమలో కొన్ని రోజులుండి, అదే తేమలో అతకాలి. బెంగళూరు వానాకాలంలో తేమ 80 శాతం దాటుతుంది, మార్చి మధ్యాహ్నాలు దానికి పూర్తిగా ఎదురు. పొద్దున సరిగ్గా కలిసిన అంచులు సాయంత్రానికి వెలుగు చూపిస్తే చిత్రికను తప్పుపట్టేముందు తేమ మీటరు చూడండి. పలక కొసల్లో అడ్డపోగు బయటికి ఉంటుంది కాబట్టి తేమ అక్కడే ముందుగా ఎక్కుతుంది, అక్కడే ముందుగా దిగుతుంది. వానల్లో కొసలు ఉబ్బి నడుమ సందు పడుతుంది. ఎండల్లో కొసలు కుంచించుకుని అక్కడే తెరుచుకుంటుంది. అందుకే కోసిన గంటలోపే జిగురు పెట్టాలి. రోజ్‌వుడ్‌కు ఇది మరీ ముఖ్యం, ఆలస్యమైతే లోపలి నూనె అంచు మీదికి తేరుతుంది.

మామూలు తెల్ల పీవీఏ జిగురు వేడికి మెత్తబడి మెల్లగా జారుతుంది. ఎండలో నిలిపిన కారులో గిటార్ ఉండిపోయే ఊళ్లో అది ప్రమాదమే. టైట్‌బాండ్ ఒరిజినల్ అనే పసుపు చెక్కజిగురు గాని, వేడి చేసి పూసే తోలు జిగురు గాని వాడాలి. టైట్‌బాండ్ పూశాక ఐదు నిమిషాల్లోపే పలకలు కలిపేయాలి, మార్చిలో ఇంకా త్వరగా. క్లాంపు బలంతో సందులు మూయాలని చూడొద్దు, అతుకు వెంట సన్నటి జిగురు పూసలు వరసగా బయటికి వస్తే బిగింపు చాలు. ఒక రోజు ఆరాక, గిటార్ ఆకారం బయట పోయే భాగంలోంచి అతుకు మీదుగా 2 సెంటీమీటర్ల పట్టీ కోసి చేత్తో విరవండి. చెక్కలో విరగాలి. జిగురు గీత వెంబడి నున్నగా విడిపోతే అతుకును రంపంతో చీల్చి, మళ్లీ షూటింగ్ బోర్డు మీదికి తేవాలి. పలక వెడల్పులో పోయేది 2 మిల్లీమీటర్లే.